బ్లడ్ టెస్ట్‌తో ఆటిజం తెలిసిపోతుందా? రక్తకణాలు చెప్పేది ఎంత? చెప్పనిది ఎంత?

అమీర్‌పేట మైత్రీవనం నుంచి పంజాగుట్ట చౌరస్తా దాకా వెళ్తే కోచింగ్ సెంటర్లతో పోటీగా డయాగ్నస్టిక్ సెంటర్ల బోర్డులు కనిపిస్తాయి. బాబుకి రెండున్నరేళ్లు వచ్చినా మాటలు రాలేదు, పేరు పెట్టి పిలిచినా తిరిగి చూడట్లేదు అంటే తల్లిదండ్రులకు ముందు గుర్తొచ్చేది ల్యాబే. ‘బ్లడ్ టెస్ట్‌లో తెలిసిపోతుందా?’ అన్నదే వాళ్ల మొదటి ప్రశ్న.

తెలియదు. ఆటిజంను నిర్ధారించే రక్త పరీక్ష ఇప్పటిదాకా లేదు. పిల్లల మాట, చూపు, ఆట, ప్రవర్తన గమనించి, ఇంట్లోవాళ్లతో మాట్లాడి నిపుణులే తేలుస్తారు.

మరి రక్తానికీ, ఆటిజానికీ సంబంధమే లేదా? ఉంది. 1961లోనే అమెరికా పరిశోధకులు కొందరు ఆటిజం పిల్లల రక్తంలో సెరటోనిన్ ఎక్కువగా ఉందని గుర్తించారు. రక్తంలో ఉండే సెరటోనిన్ దాదాపు అంతా ప్లేట్‌లెట్లలోనే దాగి ఉంటుంది. ఆటిజం ఉన్నవారిలో సుమారు నాలుగో వంతు మందిలోనే ఇలా కనిపిస్తోంది. మిగతావాళ్లలో నార్మలే. అందుకే ఇది టెస్ట్‌గా పనికిరాలేదు. 2013లో ఇటలీ పరిశోధకులు ఆటిజం పిల్లల ఎర్రకణాల ఆకారంలో తేడాలు చూశారు. అది చాలా చిన్న బృందం మీద చేసిన పని. దాన్ని పట్టుకుని ఎవరైనా ప్యాకేజీ అమ్మితే నమ్మాల్సిన పనిలేదు.

మామూలు సీబీపీ ఎందుకు ముఖ్యం?

అసలు విషయం ఇక్కడే ఉంది. ఆటిజంలా కనిపించేవి, ఆటిజంతో పాటు వచ్చేవి కొన్ని రక్తకణాల్లో దొరుకుతాయి. తల్లికి బీ12 తక్కువగా ఉండి, బిడ్డ తల్లిపాల మీదే ఎక్కువ కాలం పెరిగితే బిడ్డకూ ఆ లోపం వస్తుంది. నవ్వడం తగ్గుతుంది, నేర్చుకున్నవి మర్చిపోతారు, కొందరికి చేతులు వణుకుతాయి. మైక్రోస్కోప్ కింద చూస్తే ఎర్రకణాలు పెద్దవిగా, తెల్లకణాల కేంద్రకం ఎక్కువ ముక్కలుగా కనిపిస్తుంది. తొందరగా బీ12 ఇస్తే చాలామంది కోలుకుంటారు. ఆలస్యమైతే మెదడుకు జరిగిన నష్టం మిగిలిపోవచ్చు.

ఆటిజం పిల్లల్లో కొందరు రెండు మూడు రకాల తిండి తప్ప ముట్టరు. అలాంటివారికి ఐరన్ తగ్గి ఎర్రకణాలు చిన్నవిగా, పాలిపోయినట్టు అవుతాయి. నిద్ర కూడా చెడుతుంది. మట్టి, గోడ పెచ్చులు నోట్లో పెట్టుకునే అలవాటుంటే సీసం టెస్ట్ అవసరం. సీసం ఎక్కువైతే కొన్నిసార్లు ఎర్రకణాల్లో నీలి చుక్కలు కనిపిస్తాయి.

ఇంకొన్ని అరుదైన జబ్బులూ ఉన్నాయి. ముళ్లలాంటి ఎర్రకణాలు కనిపించే నరాల వ్యాధులు, తెల్లకణాల్లో ఖాళీ గదుల్లాంటివి ఏర్పడే బ్యాటెన్ లాంటి జన్యు వ్యాధులు ఆ కోవలోవే. ఆదిలాబాద్ ఏజెన్సీలో ఉన్న సికిల్ సెల్‌లో కొడవలి ఆకారపు కణాలు మెదడుకు రక్తం అందనివ్వవు. బయటికి తెలియని చిన్న స్ట్రోక్‌లతో పిల్లలు చదువులో వెనకబడతారు. టీచర్ దాన్ని బద్ధకం అనుకుంటారు.

స్టెమ్ సెల్స్ మాటేంటి?

రక్త క్యాన్సర్, తలసీమియా లాంటి వాటికి మూలకణ మార్పిడి నిరూపితమైన చికిత్స. ఆటిజానికి మాత్రం కాదు. ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాలు నిరూపితం కాని వాడకాన్ని క్లినికల్ ట్రయల్స్‌కే పరిమితం చేశాయి. 2022లో నేషనల్ మెడికల్ కమిషన్ కూడా ఆటిజానికి దీన్ని సిఫారసు చేయలేమంది. అయినా లక్షలు పోస్తున్నవాళ్లు ఉన్నారు.

ఎక్కడికి వెళ్లాలి?

ముందు పిల్లల డాక్టర్ దగ్గరికి. జన్యు కారణాలపై అనుమానం ఉంటే పంజాగుట్ట నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది. అమీర్‌పేట పక్కనే బేగంపేటలో ఉస్మానియా యూనివర్సిటీ జెనెటిక్స్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. ఫ్రాజైల్ ఎక్స్ లాంటివి కణాల ఆకారంలో కాదు, డీఎన్‌ఏ పరీక్షలోనే బయటపడతాయి. ఎదుగుదల అంచనా, థెరపీ కోసం సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని ఎన్‌ఐఈపీఐడీ ఉంది. వెళ్లేటప్పుడు పాత రిపోర్టులన్నీ, పిల్లలు ఇంట్లో ఆడుకునే రెండు మూడు ఫోన్ వీడియోలు తీసుకెళ్లండి. రిపోర్టుల కోసం ఆగి స్పీచ్ థెరపీ వాయిదా వేయొద్దు, రెండూ ఒకేసారి నడవొచ్చు.