మెట్టరైతు దృష్టిలో అపరాలు

కందిపప్పు ధర పెరిగిన దినమున పట్టణములందు గొప్ప అలజడి పుట్టును. ధర పడిపోయిన దినమున పల్లెలో పుట్టిన దుఃఖము పట్టణమునకు వినబడదు. అంగడిలో పప్పు వెల యెంతయని విచారించు మనము, దానిని పండించు చిన్నరైతు ఆ పంటనెట్లు చూచుచున్నాడో యెన్నడును విచారించిన వారము కాము. హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతముల మెట్టరైతు అపరాలను చూచు చూపునకును, ప్రభుత్వమువారు చూచు చూపునకును గల యంతరమును పాఠకుల యెదుట నుంచుట నేటి మా యుద్దేశము.

2022వ సంవత్సరము ఏప్రిల్ 4వ తేదీ వరకు ఈ ప్రాంతము అనంతపురము జిల్లాలోనిది. నాటి నుండి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది. జిల్లా పేరు మారినను ఆకాశము మారలేదు. ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన. అదియు కాలమునకు కురియునను నమ్మకము లేదు. నేల యెర్రనిది, లోతు తక్కువది. ఇట్టి చోట రైతు పంట నెన్నుకొనునపుడు, వాన తప్పినచో ఇంట నేమి మిగులునని మొదట తన్ను తానడుగుకొనును. ఆ ప్రశ్నకు పెద్దలు కనుగొనిన సమాధానమే అపరాలు.

ఉలవనే చూడుడు. మృగశిర, ఆరుద్ర కార్తెలు ఎండిపోయి, తక్కిన పంటలకు అదను దాటిన పిమ్మట, ఆలస్యముగా ఒక్క వాన పడినను ఉలవ చల్లవచ్చును. గింజ మనుష్యునకు గుగ్గిళ్ళగును, సంగటిలోనికి చారగును. ఉడికించి పెట్టిన ఎద్దులకు బలమగును. పొట్టును తీగయు పశువులకు మేతయగును. గింజ పట్టకపోయినను మేత దక్కును. అనప సంక్రాంతి నాటికి పచ్చికాయల నిచ్చును. ఆ గింజలను నానబెట్టి పితికి వండు పితికిపప్పు ఈ సీమ వంటలలో పేరొందినది. అలసంద లేతకాయ కూరకును, గింజ వడకును, తీగ పశువులకును వచ్చును. కందియో, పప్పు నిచ్చుటయే కాక, పొయ్యిలోనికి కట్టెను, బుట్టలకును దడులకును పుల్లలను ఇచ్చును. వర్తకుడు తక్కెడలో తూచునది ఇందులో గింజ యొక్కటియే. రైతు లెక్కలో గింజ యొక పద్దు మాత్రమే.

ఈ పంటలను పెద్దలు విడిగా వేసినవారు కారు. కొఱ్ఱ, జొన్న, వేరుసెనగ సాళ్ళ నడుమ కొన్ని సాళ్ళకొక సాలు కందియో, అనపయో, అలసందయో విత్తుచు వచ్చిరి. కన్నడ సరిహద్దున దీనికే అక్కడిసాలని పేరు. ఇందలి యుక్తి గమనింపదగినది. వేరుసెనగ మూడున్నర, నాలుగు మాసములలో ముగియును. కందికి ఆరు మాసములు పట్టును. ముందు పంట తీసిన పిమ్మట కందికి చోటును వెలుతురును దొరకును. దాని వేరు లోతునకు దిగి, వెనుకటి వానల తేమను అందుకొనును. ఒక వాన తప్పిన నొక పంట పోవును. రెండును పోవుట అరుదు. బీమా కంపెనీలు పుట్టకముందే రైతు వ్రాసికొనిన బీమా పత్రమిది.

అపరాలు భూమికి బలమను మాట రైతునకు వంశపారంపర్యముగా వచ్చినది. కంది రాల్చిన ఆకు పడిన చోట మరుసటి పంట పచ్చగా నుండుట అతడు కన్నులార చూచినాడు. ఆ జాతి మొక్కల వేరుబుడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకిచ్చునని ఐరోపా శాస్త్రజ్ఞులు ఋజువు చేసినది 1886–88 సంవత్సరములలో. రైతు చెప్పినది ఫలము. శాస్త్రజ్ఞుడు చెప్పినది కారణము. ఇందు ఒకరి నొకరు తూలనాడవలసిన పని లేదు.

ఇట్టి సాళ్ళను మ్రింగినది మరియొక కాయజాతి మొక్కయే యగుట విచిత్రము. వేరుసెనగ నూనెగింజయను పేరుతో చెలామణి యగుచున్నను, అదియు కందికి దాయాదియే. 1940లో తిండివనము నుండి వెలువడిన టి.ఎం.వి.-2 రకము ఈ జిల్లా రైతు చేతిలో దశాబ్దములు నిలిచినది. చేతికి రొక్కము వచ్చును, కట్టె పశువులకు మంచి మేత. రైతు దానిని ప్రేమించుటలో తప్పేమున్నది? కాని ఉమ్మడి అనంతపురము జిల్లాలో అది ఒకప్పుడు ఏడు లక్షల హెక్టార్లకు మించి వ్యాపించి, పెక్కు చేలలో పక్కసాళ్ళకు తావు లేకుండ చేసినది. కంది సాళ్ళకు ఎకరమునకు ఒకటి రెండు కిలోల విత్తనము చాలగా, వేరుసెనగకు 50, 60 కిలోల గింజలు కావలయును. వాన రాకమునుపే అప్పు వచ్చును. పైగా కాయ కొరకు మొక్కను వేరుతో పెరికి, కట్టెను వామి వేయుదుము గనుక, భూమికి చెందవలసిన బలములో అధికభాగము చేను దాటిపోవుచున్నది.

ఏకపంట తెచ్చు కీడు 2000వ సంవత్సరమున బయటపడినది. కాండము కుళ్ళు వైరస్ తెగులు జిల్లాలో సుమారు 2,25,000 హెక్టార్ల వేరుసెనగను తాకి, 300 కోట్ల రూపాయలకు మించిన నష్టము కలిగించినదని శాస్త్రజ్ఞులు అంచనా వేసిరి. వారు చెప్పిన నివారణోపాయములలో ఒకటి చేనిచుట్టు జొన్నయో సజ్జయో సాళ్ళుగా వేయుమని. సాళ్ళను విడిచిన రైతునకు సాళ్ళనే మరల మందుగా చెప్పవలసి వచ్చినది!

అట్లని రైతును మూఢుడనుట న్యాయము కాదు. సాళ్ళను విడుచుటకు అతనికి కారణములున్నవి. వేరుసెనగ పెరికిన వెంటనే ఊరి గొఱ్ఱెలు, మేకలు చేలలో పడును. నిలిచియున్న ఒంటి కందిసాలును కాచుటకు ఇంట మనుష్యులు లేరు. పూతలో కాయతొలుచు పురుగు, రాత్రులందు అడవిపంది. ఎద్దులు తగ్గి ట్రాక్టరులు వచ్చిన పిదప ఉలవ నడుగువారును తగ్గిరి.

ఇక ప్రభుత్వము వారి చూపు. 2025–26వ సంవత్సరమునకు కేంద్ర ప్రభుత్వమువారు క్వింటాలు కందులకు 8,000 రూపాయలు, వేరుసెనగకు 7,263 రూపాయలు మద్దతు ధర నిర్ణయించిరి. మంచిదే. ఉలవ, అనప, అలసందల పేర్లు ఆ జాబితాలో లేవు. మన యిండ్లలో పూజకు పెట్టు నవధాన్యములలో కందులు, పెసలు, శనగలు, బొబ్బర్లు, మినుములు, ఉలవలు, ఈ ఆరును అపరాలే. బొబ్బర్లనగా మన అలసందలే గదా. కేతువునకు ఉలవలు చాలును గాని, సర్కారు కొనుగోలు కేంద్రమునకు చాలవు! కరవు సంవత్సరమున ప్రత్యామ్నాయమని ఉలవవిత్తనము పంచుదురు. పండిన ఉలవకు ధర కట్టరు. ఇది యెక్కడి న్యాయము?

మార్గము లేకపోలేదు. చెన్నేకొత్తపల్లి వద్ద 1990లో ఆరంభమైన టింబక్టు కలెక్టివ్ వారు చిరుధాన్యములను, అపరాలను చిన్నరైతుల చేత మరల వేయించి, సహకార సంఘము ద్వారా అమ్మించుచున్నారు. ప్రకృతి వ్యవసాయమువారు తొలకరికి ముందే నవధాన్యములను చల్లించుచున్నారు. శీతకాలమున అనపకాయ కొరకు బెంగుళూరు నగరము ఎదురుచూచును. ఆ నగరము హిందూపురమునకు నూరు కిలోమీటర్ల దూరము మాత్రమే. కావున ఉలవ మొదలగువానికి మద్దతు ధర, పక్కసాళ్ళను కూడ లెక్కించు పంట నమోదు, కంది కోతవరకు పశువులను కట్టివేయుదుమను ఊరికట్టు, ఈ మూడును వెంటనే కావలయును.

భూస్వాములకును ఒక మాట. కౌలును వేరుసెనగ పంటపై రొక్కముగా గుంజినచో, కౌలుదారు సాళ్ళు వేయుటకు ధైర్యము చేయజాలడు. నాలుగైదేండ్ల కౌలుకు మాట యిచ్చినచో, భూమికి బలము చేర్చుటకు అతనికిని మనసు పుట్టును; ఆ బలము తుదకు భూస్వామి భూమిలోనే యుండును. పట్టణవాసులు వారమున కొక పూట ఉలవచారును, అనపపప్పును తమ భోజనమున చేర్చుకొనిన చాలును. అడుగువారున్న పంటను రైతు విడువడు. వచ్చు తొలకరికి గొఱ్ఱు కట్టులోపల ప్రభుత్వమువారు మేల్కొందురేని, ఆ యొక్క సాలు మరల మన చేలలో నిలుచును.