ముందు పిస్టన్, తర్వాతే బోరింగ్
పరుగు పందెపు కారుకైనా, అండమాన్ డోంగీకైనా ఒకే సూత్రం

పోర్ట్ బ్లెయిర్: చెన్నై నుంచి సముద్ర మార్గాన 1,190 కిలోమీటర్లు, విశాఖపట్నం నుంచి సుమారు 1,200 కిలోమీటర్ల దూరంలో వున్న అండమాన్ దీవుల్లో ఇంజను మరమ్మతు మెకానిక్కుకు మాత్రమే పరిమితమైన వ్యవహారం కాదు. ఇక్కడి విద్యుత్తులో అధిక భాగం డీజిల్ జనరేటర్ల నుంచే వస్తున్నది. దీవుల మధ్య రాకపోకలు సాగించే నౌకలు, జంగ్లీఘాట్ నుంచి వేటకు బయలుదేరే డోంగీలు డీజిల్ ఇంజన్లపైనే ఆధారపడివున్నాయి. వీటిలో ఏ ఇంజనుకైనా గుండెకాయ వంటిది పిస్టన్. అది సరిగా అమరకపోతే దీపం ఆరుతుంది, లేదా పడవ నడిసముద్రంలో నిలిచిపోతుంది.

2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా పేరు మారిన ఈ నగరంలో తెలుగువారి సంఖ్య గణనీయంగా వున్న సంగతి విదితమే. 2011 జనాభా లెక్కల ప్రకారం దీవుల మొత్తం జనాభా సుమారు 3.8 లక్షలు కాగా, అందులో దాదాపు 13 శాతం మందికి తెలుగు మాతృభాష. ఉత్తరాంధ్ర తీరం నుంచి వలస వచ్చిన మత్స్యకార కుటుంబాలు వీరిలో ఎన్నో వున్నాయి. ఇంజను బాగోగులు ఈ కుటుంబాలకు బతుకుతెరువుతో ముడిపడిన విషయం.

పందెపు రంగంలో పిస్టన్

ఇంజనుకు ప్రత్యేకంగా పిస్టన్లు చేయించి అమర్చే విద్య అత్యున్నత స్థాయికి చేరింది డ్రాగ్ రేసింగ్‌లో. తిన్నని బాటపై పావు మైలు, అంటే సుమారు 402 మీటర్ల దూరాన్ని ఎవరు ముందుగా చేరుకుంటారన్నదే ఈ పోటీ. అమెరికాలో 1951లో వాలీ పార్క్స్ నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్‌ను స్థాపించడంతో ఈ క్రీడకు ఒక క్రమపద్ధతి ఏర్పడింది. మన దేశంలోనూ చెన్నై సమీపంలోని ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌పై మోటారు సైకిళ్లకు జాతీయ స్థాయి డ్రాగ్ పోటీలు నిర్వహించారు.

అమెరికా పోటీల్లో అగ్రశ్రేణి అయిన టాప్ ఫ్యూయెల్ కార్లకు సుమారు 8.2 లీటర్ల సామర్థ్యం గల ఎనిమిది సిలిండర్ల ఇంజను వుంటుంది. ఇంధనంలో 90 శాతం వరకు నైట్రోమీథేన్ వాడతారు. 2008లో జరిగిన ఒక ప్రాణాంతక ప్రమాదం తర్వాత ఈ శ్రేణి పోటీ దూరాన్ని 1,000 అడుగులకు తగ్గించారు. ఆ దూరాన్ని ఈ కార్లు నాలుగు సెకండ్లలోపే పూర్తి చేస్తున్నాయి. ఒక్కొక్క పరుగు ముగియగానే ఇంజనును విప్పి పిస్టన్లను పరీక్షించడం, అవసరమైతే మార్చడం అక్కడ ఆనవాయితీ. నాలుగు సెకండ్ల శ్రమకే పిస్టన్ల పరిస్థితి అలా వుంటే, రోజుల తరబడి ఆగకుండా నడిచే జనరేటర్ పిస్టన్ సంగతి ఆలోచించదగినది.

వేడికి వ్యాకోచమే అసలు సమస్య

పిస్టన్లను ఎక్కువగా అల్యూమినియం మిశ్రమ లోహంతోను, సిలిండర్లను పోత ఇనుముతోను చేస్తారు. వేడికి అల్యూమినియం పోత ఇనుము కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. 100 మిల్లీమీటర్ల వ్యాసం గల అల్యూమినియం పిస్టన్ ఉష్ణోగ్రత 100 సెంటీగ్రేడ్ డిగ్రీలు పెరిగితే సుమారు 0.2 మిల్లీమీటర్లు సాగుతుంది. అదే కొలత గల ఇనుప సిలిండర్ సుమారు 0.1 మిల్లీమీటరు మాత్రమే సాగుతుంది. ఈ తేడా ఒక కాగితం మందాన్ని మించదు. అయినా ఆ మేరకు ముందుగానే సందు వదలకపోతే పిస్టన్ సిలిండర్ గోడలను పట్టేసి ఇంజను బిగుసుకుపోతుంది. దీనినే మెకానిక్కులు ఇంజను సీజ్ కావడం అంటారు.

ఎంత సందు వదలాలన్నది లోహాన్ని బట్టి వుంటుంది. పందెపు ఇంజన్లకు వాడే ఫోర్జింగ్ పిస్టన్లలో 2618, 4032 అనే రెండు మిశ్రమ లోహాలు ప్రసిద్ధం. 4032లో సుమారు 12 శాతం సిలికాన్ వుంటుంది కనుక వ్యాకోచం తక్కువ, అరుగుదలా తక్కువ. 2618లో సిలికాన్ నామమాత్రం. అది దెబ్బలకు పగలకుండా ఓర్చుకుంటుంది గాని, వేడికి ఎక్కువ సాగుతుంది కనుక సందు ఎక్కువ కావాలి. అందుకే అటువంటి ఇంజను చల్లగా వున్నప్పుడు టకటకమని చప్పుడు చేస్తుంది. వేడెక్కాక ఆ చప్పుడు సద్దుమణుగుతుంది.

కొలతలే ప్రాణం

పిస్టన్‌ను ప్రత్యేకంగా చేయించదలచినవారు తయారీదారుకు కొన్ని లెక్కలు ఇవ్వాలి. సిలిండర్ వ్యాసం, స్ట్రోకు, కనెక్టింగ్ రాడ్ పొడవు, పిన్ను వ్యాసం, దహన గది ఘన పరిమాణం, వాల్వుల స్థానం, వాడే ఇంధనం వాటిలో ముఖ్యమైనవి. క్రాంకు షాఫ్టు కేంద్రం నుంచి బ్లాకు పైభాగం వరకు గల ఎత్తులోంచి స్ట్రోకులో సగాన్ని, రాడ్ పొడవును తీసివేస్తే పిన్ను కేంద్రం నుంచి పిస్టన్ తల వరకు వుండదగిన గరిష్ఠ ఎత్తు వస్తుంది. ఈ ఒక్క లెక్క తప్పినా పిస్టన్ పైకి లేచి హెడ్డును తాకుతుంది.

సరుకు చేతికి వచ్చాక ప్రతి పిస్టన్‌నూ మైక్రోమీటరుతో విడివిడిగా కొలవాలి. తయారీదారు సూచించిన చోట, పిన్నుకు అడ్డంగా కొలవడం తప్పనిసరి. ఎందుకంటే పిస్టన్ చూపులకు గుండ్రంగా కనిపించినా, నిజానికి కొద్దిగా కోలగా వుంటుంది. పై భాగం కింది భాగం కంటే సన్నగా వుంటుంది. ఆ కొలతకు తయారీదారు చెప్పిన సందును కలిపి, దాని ప్రకారం సిలిండర్‌ను బోరింగ్ చేయించి హోనింగ్‌తో నునుపు చేయించాలి. బోరింగ్ ముందు, పిస్టన్ తర్వాత అనుకున్నచోటే పని చెడుతుంది.

తరువాతి ఘట్టం రింగులది. రింగును సిలిండర్‌లో వుంచి, పిస్టన్‌ను తలకిందులుగా దించి సమంగా నెట్టి, రెండు కొసల మధ్య సందును ఫీలర్ గేజితో చూడాలి. 100 మిల్లీమీటర్ల సిలిండర్‌లో సాధారణ వాడకానికి పై రింగుకు సుమారు 0.4 మిల్లీమీటర్ల సందు వదలడం వాడుక. నైట్రస్ ఆక్సైడ్ వంటివి వాడే పందెపు ఇంజన్లలో 0.6 మిల్లీమీటర్లకు పైగా వదులుతారు. సందు చాలకపోతే వేడికి రింగు కొసలు ఒకదానినొకటి ఢీకొని రింగు విరుగుతుంది, లేదా పిస్టన్ అంచే ఊడిపోతుంది. చివరగా, పిస్టన్ తలపై మెత్తని మట్టి ముద్దను అద్ది, హెడ్డు బిగించి, ఇంజనును చేతితో రెండు చుట్లు తిప్పి చూస్తారు. మట్టిపై వాల్వు పడిన అచ్చును కోసి కొలిస్తే వాల్వుకు, పిస్టన్‌కు మధ్య ఎడం తెలుస్తుంది. పందెపు ఇంజన్లలో ఇన్‌లెట్ వాల్వుకు సుమారు 2 మిల్లీమీటర్లు, ఎగ్జాస్ట్‌కు 2.5 మిల్లీమీటర్లు వుండేలా చూస్తారు.

దీవుల్లో ఈ సూత్రం విలువ

డోంగీ ఇంజనుకు పందెపు పిస్టన్ అక్కరలేదు. అమర్చినా మేలుకు బదులు కీడే జరుగుతుంది. సందు ఎక్కువై చప్పుడు, ఆయిల్ ఖర్చు పెరుగుతాయి, ఆయుష్షు తగ్గుతుంది. గంటల తరబడి ఒకే వేగంతో నడిచే ఇంజనుకు కంపెనీ నిర్ణయించిన పిస్టనే శ్రేయస్కరం. అయితే కొలిచి అమర్చే క్రమశిక్షణ మాత్రం రెండింటికీ ఒక్కటే.

అరిగిన సిలిండర్‌ను 0.25, 0.50, 0.75, 1.00 మిల్లీమీటర్ల మెట్లలో పెంచి, దానికి తగిన ఓవర్‌సైజ్ పిస్టన్ వేయడం సాధారణంగా జరిగే పద్ధతి. మహానగరాల్లో ఒక సైజు దొరకకపోతే పక్క వీధిలో దొరకవచ్చు. ఇక్కడ మాత్రం దుకాణంలో లేని సైజు ఓడలోనో, విమానంలోనో ప్రధాన భూభాగం నుంచి రావలసి వుంటుంది. తొందరపడి 0.50కి బోరింగ్ చేయించిన తర్వాత ఆ సైజు పిస్టన్ లేదని తేలితే మిగిలే దారులు రెండే. ఓడ కోసం ఎదురుచూడడం, లేదా 0.75కి పెంచి సిలిండర్ ఆయుష్షులో ఒక మెట్టును వృథా చేయడం. చివరి మెట్టు కూడా దాటితే కొత్త లైనర్ ఖర్చు నెత్తిన పడుతుంది.

తూర్పు తీరంతో పాటు ఈ దీవుల చుట్టూ గల ప్రత్యేక ఆర్థిక మండలిలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల పాటు కేంద్రం వేట నిషేధం అమలు చేస్తున్నది. ఇంజన్లను విప్పి కొలవడానికి అనువైన కాలమిదే. నిషేధం మొదలైన వారంలోనే కొలతలు తీసి పిస్టన్లకు ఆర్డరు పెడితే, వేట తిరిగి ప్రారంభమయ్యే నాటికి పని పూర్తవుతుంది. జూన్‌లో సరుకు వెదకడం మొదలుపెట్టిన వారికి నైరుతి రుతుపవనాల అలలతో పాటు ఆలస్యమూ తప్పదు.

విద్యుత్ రంగంలోనూ తెలుగు సంబంధం

దీవుల డీజిల్ విద్యుత్తు చరిత్రలో హైదరాబాద్‌కూ స్థానం వున్నది. ఆ నగరం కేంద్రంగా గల సూర్యచక్ర పవర్ కార్పొరేషన్ దక్షిణ అండమాన్‌లోని బాంబూ ఫ్లాట్ వద్ద 20 మెగావాట్ల డీజిల్ విద్యుత్ కేంద్రాన్ని నెలకొల్పింది. 2003లో అక్కడ ఉత్పత్తి ప్రారంభమైంది. 2020లో ఎన్ఎల్‌సీ సంస్థ బ్యాటరీ నిల్వ సదుపాయంతో 20 మెగావాట్ల సౌర విద్యుత్ కేంద్రాన్ని పోర్ట్ బ్లెయిర్‌లో నిర్మించింది. అయినా సూర్యుడు అస్తమించిన తర్వాత ప్రధాన భారం మళ్లీ పిస్టన్లపైనే పడుతున్నది.

పిస్టన్ల తయారీలో మన దేశం ఏనాడో స్వావలంబన దిశగా అడుగులు వేసింది. 1949లో మద్రాసులో ఇండియా పిస్టన్స్ ఏర్పడింది. 1985లో హైదరాబాద్ కేంద్రంగా ఏర్పడిన సామ్‌క్రగ్ పిస్టన్స్ అండ్ రింగ్స్ సంస్థకు బొంతపల్లితో పాటు శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలంలోనూ కర్మాగారం వున్నది. ఉత్తరాంధ్ర నుంచి సముద్రం దాటి వచ్చిన కుటుంబాలు ఇక్కడ ఇంజన్లు నడుపుతుండగా, అదే ప్రాంతంలో మోటారు వాహనాల పిస్టన్లు తయారవుతుండడం గమనార్హం.

సరుకు దేశంలోనే వున్నా, దీవికి చేరడానికి వ్యవధి కావాలి. కాబట్టి ఇక్కడి పడవ యజమాని పాటించవలసిన నియమం ఒక్కటే. పిస్టన్ చేతికి వచ్చి, దానిని కొలిచిన తర్వాతే సిలిండర్‌ను లేత్ షాపుకు పంపాలి.