కాస్ట్యూమ్ లేదా? అయితే ఒడ్డునే కూర్చోండి!

వేసవి సెలవులొస్తున్నాయంటే పిల్లల నోట మొదటొచ్చే మాట వాటర్ పార్క్. మిరపకాయల కోతలయిపోయి, కల్లాలెత్తేసి, సరుకు గుంటూరు యార్డుకో కోల్డ్ స్టోరేజీకో చేరితేగానీ నరసరావుపేట, చిలకలూరిపేట, పర్చూరు, అద్దంకి వైపు ఇళ్లలో ఆడవాళ్లకు ఊపిరి పీల్చుకునే తీరిక దొరకదు. అప్పుడు అందరూ కలిసి హైదరాబాద్‌లో చుట్టాలింటికి బయల్దేరతారు. ఓ రోజు పార్కుకు. పులిహోర, పెరుగన్నం మూటలు గేటు దగ్గరే ఆపేస్తారని తెలిసినా కట్టుకెళ్తారనుకోండి, అది వేరే సంగతి.

టికెట్లు కొని లోపలికెళ్లాక నీళ్ల ఆటల దగ్గర బోర్డు. 'కాస్ట్యూమ్ తప్పనిసరి. చీరలు, చుడీదార్లు, నూలు దుస్తులతో నీళ్లలోకి ప్రవేశం లేదు.' అంతే! అయ్యగారు నిక్కరు అద్దెకు తీసుకుని దిగిపోతారు. పిల్లలు అప్పటికే నీళ్లలో ఉంటారు. అమ్మ, అత్తయ్య, అమ్మమ్మ మాత్రం చెప్పులకీ, సంచులకీ, సెల్‌ఫోన్లకీ కాపలా. టికెట్ డబ్బులు మాత్రం అందరికీ సమానమే.

'ఈ వయసులో నాకెందుకులే' అని నవ్వేస్తారు. నిజంగా ఇష్టం లేక కూర్చునేవాళ్లు ఎందరు? కాస్ట్యూమ్ అనగానే సినిమాలో చూపించే పొట్టి దుస్తులే అనుకుని వెనక్కి తగ్గేవాళ్లు ఎందరు?

ఒకే మాట, రెండు రూల్స్

తమాషా ఏమిటంటే ఇదే మాటకు అమెరికాలో రూలు సరిగ్గా తలకిందులు. అక్కడ కాస్ట్యూమ్ అంటే వేషం. 1955లో కాలిఫోర్నియాలో మొదలైన డిస్నీలాండ్‌లోనూ, 1971లో ఫ్లోరిడాలో తెరిచిన డిస్నీ వరల్డ్‌లోనూ 14 ఏళ్లు, ఆపైన ఉన్నవాళ్లు మామూలు రోజుల్లో వేషాలు వేసుకుని లోపలికి రాకూడదు. చిన్నపిల్లలు సిండ్రెల్లా గౌనులో ముద్దుగా తిరగొచ్చు, వాళ్లమ్మ తిరగకూడదు. ఎందుకంటే పార్కులో జీతానికి పనిచేసే సిండ్రెల్లా ఒకావిడ ఉంటుంది. పిల్లలు ఈవిడే ఆవిడనుకుని సంతకం కోసం వెంటపడతారు. ముసుగులు వేసుకుంటే ఎవరు ఎవరో కావలివాళ్లకు తెలియదు. హాలోవీన్ పండుగకు విడిగా టికెట్ పెట్టి జరిపే రాత్రి వేడుకల్లో మాత్రం పెద్దవాళ్లకూ అనుమతిస్తారు. అప్పుడు కూడా పెద్దవాళ్లు ముఖం కప్పుకోకూడదు, నేలమీద ఈడ్చుకుపోయే దుస్తులు కూడదు.

మనవైపు వేషం కట్టేది పెద్దవాళ్లే కదా! పగటివేషగాళ్లు గడప ముందుకొచ్చి నిలబడితే చాటలో బియ్యం పోశారేగానీ, పొమ్మన్నవాళ్లు తక్కువ. 1902లో బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు గారు సత్యభామగా రంగస్థలం మీదికొస్తే, ఆ చీరకట్టు చూసి ఆడవాళ్లే ముచ్చటపడేవారని పెద్దలు చెప్పేవారు. 1956లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

నూలు మీద ఎందుకు కోపం?

పత్తి పండించే నేలలో పుట్టి, చీరాల నేత చీర కట్టుకుని వెళ్లినావిడకు 'నూలు పనికిరాదు' అంటే చివుక్కుమనదూ! కానీ ఈ రూలు వెనక కొంత న్యాయం ఉంది. మామూలు గాలిలో ఉన్నప్పుడే నూలు తన బరువులో దాదాపు 8.5 శాతం తేమ పట్టి ఉంచుతుంది. నైలాన్ 4 శాతం, పాలిస్టర్ అర శాతంలోపే. ఇక నీళ్లలో ముంచితే చెప్పేదేముంది? అయిదున్నర మీటర్ల చీర తడిసి కాళ్లకు చుట్టుకుంటే నడుము లోతు నీళ్లలో కూడా లేవడం కష్టం. జారుడుబల్ల మీద తడి నూలు అతుక్కుని మనిషి మధ్యలో ఆగిపోతే, పైనుంచి వచ్చేవాళ్లు నేరుగా ఢీకొంటారు. ఊడిన దారప్పోగులు నీళ్లు శుభ్రం చేసే ఫిల్టర్లలో చేరతాయి. రంగు దిగే బట్టయితే ఇంక చెప్పక్కర్లేదు. పిన్నీసు ఒకటి ఊడిపడితే ఏ పసివాడి పాదంలో గుచ్చుకుంటుందో!

మన సూర్యలంకలోనో వాడరేవులోనో కార్తీక పౌర్ణమికి చీరతోనే మునకలు వేస్తాంగా అనొచ్చు. వేస్తాం. ఒడ్డున చెయ్యి పట్టుకునేవాళ్లు ఉంటే సరే. అల లాగినప్పుడు తడి చీర ఎంత బరువో ఒక్కసారి తెలిసినవాళ్లు మళ్లీ లోతుకు పోరు.

పనికి తగ్గ బట్ట మనకు కొత్తేమీ కాదు. పత్తి తీతకు, మిరప కోతకు వెళ్లే ఆడవాళ్లను చూడండి. చీర మీద మగవాళ్ల ఫుల్‌చేతుల చొక్కా, తలకు తువ్వాలు. ఎండకీ, మిరప మంటకీ, పైరు మీద కొట్టిన మందులకీ అది కవచం. ఎవరూ నవ్వరు. నీళ్లకు నీళ్ల బట్ట అనుకుంటే సరిపోతుంది.

రూలు బట్టకే, కొలతకు కాదు

అసలు చెప్పాల్సింది ఇక్కడే. పార్కులు కోరేది ఎక్కువగా నైలాన్ లేదా అలాంటి సింథటిక్ గుడ్డ. హైదరాబాద్ దగ్గర రావిర్యాలలో 2016లో తెరిచిన వండర్‌లా నియమాల్లోనూ ఉన్నదదే. ముంజేతుల దాకా చేతులు, చీలమండల దాకా ప్యాంటు ఉన్న నైలాన్ ఈతదుస్తులు బజారులో దొరుకుతున్నాయి. ఆస్ట్రేలియాలో అహెదా జానెటి అనే ఆవిడ 2004లో ఒళ్లంతా కప్పే ఈతదుస్తులు తయారుచేసి బుర్కినీ అని పేరు పెట్టారు. 2016లో ఫ్రాన్స్‌లో కొన్ని ఊళ్లు దాన్ని సముద్రతీరంలో నిషేధిస్తే, ఆ ఆగస్టులోనే అక్కడి అత్యున్నత పాలనా న్యాయస్థానం అలాంటి ఒక నిషేధాన్ని నిలిపేసింది. ఒకచోట ఎక్కువ కప్పుకున్నారని గొడవ, ఒకచోట తక్కువ కప్పుకున్నారని గొడవ. ఆడవాళ్ల బట్ట ఎక్కడా సుఖంగా ఉండనివ్వరు కదా!

పార్కుల తప్పు కూడా లేకపోలేదు. ఈ రూలు టికెట్ కిటికీ దగ్గరే, తెలుగులో, పెద్ద అక్షరాలతో రాయొచ్చు. అద్దె దుస్తుల్లో పెద్ద సైజులు ఉంచొచ్చు. డబ్బు తీసుకున్నాక ఒడ్డున కూర్చోబెట్టడం ఏం మర్యాద?

జడ, చున్నీ జాగ్రత్త

నీళ్లలోకి దిగకపోయినా, తిరిగే చక్రాల దగ్గర చున్నీ, జడ ప్రాణం మీదికి తెస్తాయి. నాట్యకారిణి ఇసడోరా డంకన్ 1927 సెప్టెంబరులో ఫ్రాన్స్‌లోని నీస్‌లో కారు చక్రంలో కండువా చిక్కుకుని చనిపోయారు. అది పాతమాట అనుకోకండి. 2018లో హర్యానాలోని పింజోర్‌లో, 2020లో హైదరాబాద్ శివార్లలో గో కార్టింగ్ బండి చక్రానికి జుట్టు చుట్టుకుని ఇద్దరు యువతులు ప్రాణాలు కోల్పోయారు. జడ ముడివేసి, టోపీ లోపలికి దోపి, చున్నీ లాకర్లో పెట్టి ఎక్కండి. గొలుసులు ఇంట్లోనే ఉంచండి. తాళి తీయడానికి మనసొప్పనివాళ్లు ఆ రోజుకు పసుపుతాడు కట్టుకుని, దుస్తుల లోపలికి వేసుకుంటే మంచిది.

బట్టలు మార్చుకునే గదిలో తలుపు గడియ, పైన సందులు, అల్మరా మీద వదిలేసిన ఫోన్లు ఒకసారి చూసుకోండి. అక్కడ ఆడవాళ్లను రహస్యంగా ఫొటో తీయడం నేరం. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద మొదటిసారి తప్పుకే ఏడాది నుంచి మూడేళ్ల జైలు. భయపడి ఊరుకోకుండా 181కి ఫోన్ చేయండి.

బయల్దేరే ముందు పార్కుకే ఒక ఫోనుకొట్టి అడగండి. ఫుల్‌చేతుల నైలాన్ దుస్తులు ఒప్పుకుంటారా? లెగ్గింగ్‌లో నూలు కలిస్తే అభ్యంతరమా? ఆడవాళ్లకు విడిగా కొలను ఉందా? అద్దెకిచ్చే బట్టలు ఎలా ఉతుకుతారు? ఈ ఆఖరి ప్రశ్నకు అవతలివాళ్లు నీళ్లు నమిలితే, మన బట్టలు మనమే కొనుక్కుని వెళ్లడం మేలు. ఉతికి నీడన ఆరేస్తే వచ్చే వేసవికీ పనికొస్తాయి.