తెరపై ఫారము ఎక్కడ తెరచుకొనును?

ఒక గ్రంథాలయమునందు గుమాస్తా మైక్రోసాఫ్ట్ యాక్సెస్ డేటాబేసులో పుస్తకముల జాబితా చూచుచున్నాడనుకొందము. బటను నొక్కగనే సభ్యుని వివరములు వ్రాయుటకు చిన్న ఫారమొకటి జాబితాపైకి వచ్చును. దీనినే పాప్-అప్ ఫారమందురు. ఒకనాడతడు బటను నొక్కెను. ఏ ఫారమును రాలేదు. పైగా వెనుకనున్న జాబితా కూడ కదలలేదు. యంత్రము బిగిసిపోయినదని తలచి అతడు స్విచ్చి ఆపివేసెను. అంతకుముందు జాబితాలో సగము వ్రాసియుంచిన వివరము కాస్తయు పోయెను. నిజమునకు యంత్రము బాగుగనే యున్నది. ఫారము కూడ తెరచుకొన్నది. కాని తెరకు ఆవల తెరచుకొన్నది.

ఇది ఎట్లు జరిగెనో తెలియవలెనన్న గ్రాఫు కాగితమును జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. బిందువు స్థానము చెప్పుటకు రెండు సంఖ్యలు చాలునని ఉన్నత పాఠశాల విద్యార్థులందరు ఎరుగుదురు. అయితే మూలబిందువు ఎక్కడ, కొలమానము ఏది అను రెండు సంగతులు ముందుగా తెలియనిదే ఆ సంఖ్యలకు అర్థము లేదు. ఫారముల విషయములో వచ్చు చిక్కులు చాలవరకు ఈ రెంటిలోనే ఉన్నవి.

తెరకు మూలబిందువు ఎడమవైపు పై మూల. అక్కడినుండి కుడికి పోయినకొలది అడ్డుదూరము, క్రిందికి దిగినకొలది నిలువుదూరము పెరుగును. గ్రాఫు కాగితముపై నిలువుదూరము పైకి పెరుగును గదా, ఇక్కడ తలక్రిందు. పాత టెలివిజన్ గొట్టములలో ఎలక్ట్రాన్ కిరణము, మనము పుట చదివినట్లే, పై వరుసనుండి క్రిందికి గీతలు గీయుచు వచ్చెడిది. ఆ వరుసయే నేటి తెరలకును సంక్రమించినది.

సాధారణ ఫారము యాక్సెస్ కిటికీలోపలనే ఉండును. దాని దూరములను ఆ కిటికీ అంచులనుండి కొలుతురు. పాప్-అప్ ఫారము అట్లు కాదు. అది ఆ కిటికీని దాటి పోగలదు. దానికి ఆధారము తెరయే. రెండు మానిటర్లున్నచో ప్రధానమైనదాని పై మూలయే మూలబిందువు. రెండవది ఎడమప్రక్క నున్నచో అచటి అడ్డుదూరములు ఋణసంఖ్యలగును.

ఇక కొలమానము. అచ్చుపనిలో వాడు పాయింటు అంగుళములో 72వ వంతు. పాయింటులో 20వ వంతు ట్విప్. అనగా అంగుళమునకు 1440 ట్విప్‌లు. ఫారమును జరుపు మూవ్‌సైజ్ ఆదేశము ట్విప్‌లనే కోరును. విండోస్ మాత్రము తెరను పిక్సెల్‌లలో లెక్కించును. అంగుళమునకు 96 పిక్సెల్‌ల అమరికలో ఒక పిక్సెల్‌కు 15 ట్విప్‌లు వచ్చును. అక్షరములు పెద్దవిగా కనబడుటకై అమరికను 125 శాతమునకు పెంచినచో అంగుళమునకు 120 పిక్సెల్‌లై, పిక్సెల్‌కు 12 ట్విప్‌లే వచ్చును. ఈ అంగుళము లెక్కకొరకు ఏర్పరచుకొన్నది. తెరపై స్కేలు పెట్టి కొలిచినచో సరిపోకపోవచ్చును.

గుమాస్తా సంగతికి వత్తము. ఫారమును తయారుచేసినవాని తెర వెడల్పు 1920 పిక్సెల్‌లు, అనగా 28800 ట్విప్‌లు. నాలుగు అంగుళముల ఫారమును (5760 ట్విప్‌లు) అతడు 22000 వద్ద ఉంచెను. దాని కుడి అంచు 27760 వద్ద పడెను. అతనికి చక్కగా కనబడెను. గ్రంథాలయములోని తెర 1366 పిక్సెల్‌లు, అనగా 20490 ట్విప్‌లు మాత్రమే. ఫారము ఎడమ అంచే తెర దాటి 1510 ట్విప్‌ల దూరములో పడెను. అది మోడల్ ఫారము కూడ. మోడల్ ఫారము తన్ను మూయువరకు వెనుకవానిని తాకనీయదు. జాబితా కదలకపోవుట అందువలననే.

ఆటో సెంటర్ అను గుణమును అమర్చుట సులభమైన ఉపాయము. అప్పుడు ఫారము తెరచినప్పుడెల్ల నడుమకు వచ్చును. పై లెక్కలో (20490 − 5760) ÷ 2, అనగా 7365 వద్ద. ఆ గుణము లేనిచో చివరిసారి భద్రపరచిన చోటనే తెరచుకొనును. నడుమ తెరచుట ఎల్లప్పుడు మంచిదనుటకు వీలులేదు. చూచి వ్రాసుకొనవలసిన పేరునే ఫారము కప్పివేయవచ్చును. అట్టిచోట స్థానమును లెక్కకట్టక తప్పదు. తెర వెడల్పునుండి ఫారము వెడల్పు తీసివేసినచో 14730 వచ్చును. అడ్డుదూరము అంతకు మించరాదు. ఈ 14730ను ఆదేశములో స్థిరసంఖ్యగా వ్రాయుటయు పొరపాటే. అదే తెరను 125 శాతమునకు పెంచినంతనే వెడల్పు 16392 ట్విప్‌లకు తగ్గి, ఫారము చాలభాగము మరల అంచు దాటును. కావున ఫారము తెరచునప్పుడెల్ల తెర వెడల్పును, అంగుళమునకు పిక్సెల్‌ల సంఖ్యను విండోస్‌ను అడిగి లెక్కించవలెను.

అంతవరకు ఆ గుమాస్తా చేయదగినది ఒకటి కలదు. ఆల్ట్ మీటతో స్పేస్ మీటను నొక్కి, పిమ్మట ఎమ్ అక్షరమును, ఒక బాణపు మీటను నొక్కి మౌసును కదపవలెను. కిటికీ మూలనుండు మెనూను తయారుచేసినవారు తీసివేయకున్నచో, ఫారము మౌసు వెంట తెరమీదికి వచ్చును.