డోర్నకల్లు చర్చి చూసొద్దాం

బెజవాడ మీదుగా రైల్లో వెళుతుంటే ఖమ్మం దాటాక డోర్నకల్లు జంక్షను వస్తుంది. కొత్తగూడెం వైపు లైను చీలేది అక్కడే. ఆ ఊరి పేరు వినడమే గాని, దిగి చూసినవాళ్ళం మనలో తక్కువ. ఈసారి దిగండి, అక్కడి ఎపిఫనీ చర్చి చూడండి.

చర్చి అనగానే మనకి మెదక్ గుర్తొస్తుంది. 1924లో క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ చేశారు. 173 అడుగుల శిఖరం, రంగు అద్దాల కిటికీలు, అంతా ఇంగ్లండు పోకడ. డోర్నకల్లుది అలా కాదండీ. దూరాన్నించి గుమ్మటాలూ మినార్లూ చూస్తే మసీదేమో అనిపిస్తుంది. లోపలికెళితే గుళ్ళో మండపంలా రాతి స్తంభాలు! వాటి మీద తామరపువ్వులోంచి లేచిన సిలువ, అరటిపువ్వు చెక్కారు. అరటిచెట్టు ఒక్క గెల వేసి తను పోతుంది, పక్కన పిలకలు లేస్తాయి. చావులోంచి బతుకు అనే మాటని కోనసీమవాళ్ళకి ఇంతకన్నా తేలిగ్గా ఎవరు చెప్పగలరు?

దీన్ని కట్టించింది బిషప్ అజరయ్యగారు. తిరునెల్వేలి వైపు తమిళులు. ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన మొదటి భారతీయుడు ఆయనే, 1912లో. తెలుగు నేర్చుకుని, 1945లో పోయేదాకా డోర్నకల్లులోనే ఉండిపోయారు. దేవుణ్ణి కొలిచే చోటు మనవాళ్ళకి పరాయి ఇల్లులా ఉండకూడదని ఆయన పట్టుదల. పని దాదాపు పాతికేళ్ళు సాగింది. 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగింది.

ఆ సంఘంలో ఎక్కువమంది మాల, మాదిగ పేటల కూలిజనం. ఇల్లాళ్ళు ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి దాచి, ఆదివారం చర్చికి పట్టుకొచ్చేవారు. తిండికే కటకటలాడే ఇళ్ళల్లో పిడికెడంటే ఎంతో మనకి తెలుసుగా! అలాంటి స్తంభాల మండపాన్ని వాళ్ళు అంతకుముందు బయటినుంచి చూడాల్సిందే, గుడి మెట్టు ఎక్కనిచ్చేవారు కాదు. మధుర మీనాక్షమ్మ గుళ్ళోకి అంటరానివాళ్ళన్నవారిని రానిచ్చింది కూడా ఆ ఏడాది జూలైలోనే. అప్పటికి ఆరు నెలలుగా డోర్నకల్లులో వాళ్ళు ఆ స్తంభాల మధ్యనే కూర్చుని పాటలు పాడుకుంటున్నారు.

మెదక్ ఎత్తు చూసి మెడ నొప్పెట్టింది గాని, నా మనసు పట్టేసింది మాత్రం ఇదే. పిల్లల్ని తీసుకెళితే అరటిపువ్వు ఎక్కడుందో వెతకమనండి. ఆ కాసేపూ మీరు తీరిగ్గా కూర్చోవచ్చు.