చక్రము నిలుచు చోటు

"సారూ, చక్రాలు బయటికి దీస్తే బండి రోడ్డు మీద గట్టిగ నిలవడ్తదంటరు గద, మరి కంపెనీవాళ్లు లోపలికెందుకు నూకిన్రు?" అని శ్రీరాంపూర్ బొగ్గుగనుల కాలనీ విద్యార్థి యొకడు తరగతిలో నన్నడిగెను. అతడు పాత ఫోక్స్‌వాగన్ పోలో జీటీ కారు నొకదానిని కొని, దానికి వెడల్పాటి అల్లాయ్ చక్రములు బిగించు తలంపుతో నుండెను. ఇంత మంచి ప్రశ్న వినుట ఉపాధ్యాయునకు తరచుగా లభించు భాగ్యము కాదు.

మంచిర్యాల నుండి శ్రీరాంపూర్ మీదుగా చెన్నూరు పోవు రహదారి ప్రక్కన నిలిచిన యే బొగ్గులారీనైనను నిదానముగా పరికించినచో దీని ప్రత్యుత్తరము సగము తెలియును. ముందు చక్రపు నడిమిభాగము వెలుపలికి పొడుచుకొని వచ్చియుండును. వెనుక జంటచక్రములలో వెలుపలిదాని నడిమిభాగము గంగాళమువలె లోనికి దిగియుండును. చూచుటకు వేఱువేఱుగా తోచు ఆ రెండును ఒకే రిమ్ములు. ఒకదానిని తిరగవేసి బిగించిరి, అంతియే. నట్లు బిగించు పలక రిమ్ము నట్టనడుమ గాక ఒక ప్రక్కకు ఒదిగియుండుటచేతనే, రెండు రిమ్ములను వీపు వీపు కలిపి బిగించినపుడు టైర్ల నడుమ ఎడము దొరకుచున్నది; ఒకే స్టెప్నీ ముందునకును వెనుకకును చెల్లుచున్నది. ఆ ఒదుగుదలయే ఆఫ్‌సెట్.

రిమ్ము వెడల్పును సరిసమానముగా ఖండించు మధ్యరేఖకును, హబ్బుకు ఆనుకొను తలమునకును గల దూరమును మిల్లీమీటర్లలో కొలిచి, తలము మధ్యరేఖకు వెలుపలి ప్రక్కనున్న ధనమనియు, లోపలి ప్రక్కనున్న ఋణమనియు లెక్కింతురు. రిమ్ముపై ఈటీ (అనగా ఆఫ్‌సెట్) 40 అని యున్నచో తలము 40 మి.మీ. వెలుపలనున్నదని అర్థము. 6 అంగుళముల వెడల్పును ఈటీ 40ని గల రిమ్మును తీసి, 7 అంగుళముల వెడల్పును ఈటీ 35ను గలదానిని బిగించితిమనుకొనుడు. వెడల్పు ఇరుప్రక్కల 12.7 మి.మీ. చొప్పున పెరిగినది, ఈటీ తగ్గుటచే చక్రము మరి 5 మి.మీ. వెలుపలికి జరిగినది. కావున వెలుపలి అంచు 17.7 మి.మీ. బయటికి వచ్చును, లోపలి అంచు 7.7 మి.మీ. సస్పెన్షను స్తంభమైన స్ట్రట్టు వైపునకు పోవును. కంటికి కనబడునది 17.7, అయినను కారు భారము దిగు మధ్యరేఖ కదలినది 5 మి.మీ. మాత్రమే. సోకు చేసికొనువారు ఈ రెండింటిని ఒకటిగా నెంచుదురు. సమస్త ప్రమాదములకు మూలమిదియే.

మధ్యరేఖ కదలిన నేమగునో తెలియుటకు చక్రము దేనిచుట్టు తిరుగునో తెలియవలెను. స్టీరింగు త్రిప్పినపుడు ముందు చక్రము, స్ట్రట్టు పైకొన నుండి క్రింది బాల్ జాయింటు వఱకు గీచిన ఏటవాలు రేఖను అక్షముగా గొని తిరుగును. ఆ రేఖను నేలవఱకు పొడిగించినచో అది టైరు నేలనంటు భాగపు నడిమికి లోపల తాకవచ్చును, వెలుపల తాకవచ్చును. పూర్వపు కార్లలో లోపల తాకుటయే పరిపాటి. 1972లో లూడ్విగ్ క్రౌస్ నాయకత్వమున ఆడీ సంస్థ వెలువరించిన ఆడీ 80 కారులో ఆ రేఖను వెలుపలికి తెచ్చిరి. నాకు యంత్రశాస్త్రమున ఇంతకంటె మనోహరమైన ఉపాయము మఱొకటి తోచదు.

ఇంజను బరువు ముందుండు కారును ఆపునవి ప్రధానముగా ముందు చక్రములే. ఒక గొట్టము చెడినను మఱొకటి పనిచేయవలెనని బ్రేకులను రెండు భాగములు చేయునపుడు, ముందువి రెండు ఒకటిగా, వెనుకవి రెండు ఒకటిగా విడదీసినచో, ముందుది చెడిననాడు వెనుకవి కారును చాలినంతగా ఆపజాలవు. అందుచే కర్ణముగా విడదీసిరి: ఎడమ ముందుదానితో కుడి వెనుకది, కుడి ముందుదానితో ఎడమ వెనుకది. ఇప్పుడు ఏ భాగము చెడినను ఒక ముందు చక్రము మిగులును. కాని అది ఒక్కటే పట్టుటచే కారు ఆ ప్రక్కకు ఈడ్వబడును. ఎడమ ముందు చక్రమే పట్టినదనుకొనుడు. కారు ఎడమకు మరలబోవును. అయితే అక్షము నేలను టైరు నడిమికి వెలుపల తాకుచున్నది గనుక, నేల టైరును వెనుకకు లాగు బలము అక్షమునకు లోపలి ప్రక్కన పనిచేసి, ఆ చక్రమును కుడివైపునకు త్రిప్పును. చెడగొట్టబోయిన బలమే దిద్దుబాటును గూడ చేయుచున్నది. నడుపువాని చేయి కదలకముందే కారు తన త్రోవను తాను సరిచేసికొనుచున్నది! వానకు తడిసిన బొగ్గుపొడి బురదలో ఒక ప్రక్క చక్రములును, తారుపై రెండవ ప్రక్క చక్రములును ఉండగా బ్రేకు వేసినపుడును ఇదే రక్షణ. 1974లో ఫోక్స్‌వాగన్ తెచ్చిన గోల్ఫ్ కారును ఈ మార్గమునే అనుసరించెను.

ఇట్టి కారునకు హబ్బుకును రిమ్మునకును నడుమ 25 మి.మీ. మందపు పలకలను, అనగా స్పేసర్లను, బిగించినచో, చక్రపు మధ్యరేఖ అక్షమును దాటి వెలుపలికి పోవును. లాగు బలమిప్పుడు అక్షమునకు వెలుపల పనిచేసి, కారు ఏ ప్రక్కకు మరలుచున్నదో ఆ ప్రక్కకే చక్రమునుగూడ త్రిప్పును. ఏబీఎస్ ఈ దోషమును కొంత కప్పునుగాని, గుంతలో దిగినపుడు స్టీరింగు చేతిలో తన్నుటను మాన్పలేదు. బేరింగుపై పెరిగిన మీటబలమును తగ్గింపలేదు. రిమ్ము వెడల్పు పెంచుకొన దలచువారిని నేను వారింపను. మధ్యరేఖను మాత్రము దాని చోటనే ఉండనిండు.

ఇక టైరు. 185/60 ఆర్15 టైరుతో (185 మి.మీ. వెడల్పు, అందులో 60 శాతము పక్కగోడ, 15 అంగుళముల రిమ్ము) చక్రపు నిండు వ్యాసము 603 మి.మీ.; 195/50 ఆర్16తో 601. ఇది పొందికైన మార్పు. అదే 195/55 ఆర్16 అయినచో 621 అగును. స్పీడోమీటరు లెక్క సుమారు 3 శాతము మారును. పక్కగోడ 111 నుండి 97 మి.మీ.లకు దిగునపుడు మలుపులలో ఊగుట తగ్గునుగాని, బొగ్గులారీలు త్రవ్విన గుంతలో గాలి తక్కువగా నున్న టైరు పడినచో, రిమ్మునకును రాతికిని నడుమ పక్కగోడ నలిగి బుడిపె లేచును. గాలి తగ్గినకొలది రబ్బరు మడతపడి వేడెక్కుట ఎండాకాలమున మనవారికి అనుభవమే. ఓపెన్‌కాస్టు గనుల డంపర్ల టైర్లకైతే మోయు టన్నులను వేగముతో హెచ్చించి, టన్ను-కిలోమీటర్/గంట అను హద్దును నిర్ణయింతురు; వేడియే వాటి మృత్యువు.

డన్‌లప్ 1888లో గాలిటైరును, బుగాట్టి 1924లో పోతపోసిన అల్యూమినియపు చక్రమును, మిషెలిన్ 1946లో రేడియల్ టైరును తెచ్చినది మొదలు 2023 ఫిబ్రవరిలో హుస్సేన్‌సాగర్ తీరమున ఫార్ములా ఈ కార్లు 18 అంగుళముల చక్రములతో పరుగెత్తినది వఱకు గల చరిత్ర పెద్దది. దానిని మఱొకమారు చెప్పుకొందము. 1988 మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను, రిజిస్ట్రేషను పత్రములోని వివరములు తయారీదారుడు నిర్దేశించినవాటికి భిన్నమగునట్లు బండిని మార్చుటను నిషేధించుచున్నదనుట మాత్రము ఇప్పుడే తెలిసియుండవలెను.

ఆ విద్యార్థికి నేను 6.5 అంగుళముల రిమ్మును, ఈటీ 40ని, 195/50 ఆర్16 టైరును, పాతదానికి తగ్గని 84 భారసూచికను (టైరు మోయగల భారమును తెలుపు అంకెను) సూచించితిని. పాత 6 అంగుళముల రిమ్ముకంటె అంచు ఇరుప్రక్కల 6 మి.మీ.ల పైచిలుకు మాత్రమే పెరుగును గనుక, వెనుక ముగ్గురను కూర్చుండబెట్టి, స్టీరింగును కొసవఱకు త్రిప్పి, లోపల స్ట్రట్టును, పైన మడ్‌గార్డును టైరు తాకకుండుట చూచుకొనుమంటిని. రిమ్ము నడిమి రంధ్రము 57.1 మి.మీ.ల హబ్బుపై వదులుగా కూర్చున్నచో హబ్ రింగు వేయవలెను. అన్నింటికంటె ముఖ్యముగా, కంపెనీ బోల్టుల మెడ గుండ్రనిది, బజారులో దొరకు అల్లాయ్‌ల గుంతలు సాధారణముగా శంకువు ఆకారమువి. ఒకదానిలో మఱొకటి బిగించినచో సన్నని వలయమంతమేర మాత్రమే ఆని, కొన్నాళ్లకు బోల్టులు తమంత తామే వదులగును.