డ్రోన్ కొనేముందు కెమెరా కాదు, కాయితం చూడాలె

లగ్గాల సీజన్ దగ్గర పడిందంటే చాలు, మండల కేంద్రాలల్ల ఫొటో స్టూడియోలు నడిపే పిలగాళ్ల నడుమ ఒక్కటే ముచ్చట. ఏ డ్రోన్ తీసుకోవాలె? డీజేఐ మినీనా, ఎయిరా? ఆటెలా, పొటెన్సిక్కా? లేకుంటే మన దేశం కంపెనీలోళ్లు అమ్మేదా? ఇంతకుముందు పెండ్లోళ్లు ఆల్బంల ఎన్ని షీట్లు ఇస్తవని అడిగేటోళ్లు. గిప్పుడు "డ్రోన్ ఉన్నదా?" అన్నదే మొదటి మాట. లేదన్నమా, గిరాకి పక్క స్టూడియోకు పోతది. అందుకే ఇంట్ల బంగారం కుదువవెట్టో, ఫైనాన్సుల మిత్తికి తెచ్చో లక్ష రూపాయలు ఈ చిన్న యంత్రం మీద పెడుతున్నరు. అందుల చానమంది పేదిండ్ల నుంచి వచ్చి, కెమెరా కిరాయికి తెచ్చుకొని పని నేర్చుకున్నోళ్లు. ఆ లక్ష మునిగితే మళ్ల లేవనీకి రెండు మూడేండ్లు పడ్తది.

యూట్యూబ్‌ల కంపెనీలను పోల్చి చూపెట్టే వీడియోలు బొచ్చెడున్నయి. కానీ వాటిల్ల మస్తు మటుకు అమెరికాల, యూరప్‌ల ఉండేటోళ్లు చేసినయి. ఆళ్లకు కెమెరా, బ్యాటరీ, ధర పక్కపక్కన పెట్టి చూస్తే సరిపాయె. మనకు అట్ల సరిపోదు. మన దగ్గర పోలిక మొదలువెట్టాల్సింది కాయితం కాడ.

సంగతి ఏందంటే, 2022 ఫిబ్రవరి 9న కేంద్ర సర్కారు బయటి దేశాల డ్రోన్ల దిగుమతి బంద్ పెట్టింది. తయారైన డ్రోనే కాదు, విడగొట్టి తెచ్చి ఈడ బిగించుకునేది కూడా బంద్. పరిశోధనకు, సైన్యానికి, భద్రతకు మాత్రం మినహాయింపు ఇచ్చిండ్రు. విడి పార్టులు తెచ్చుకోనీకి అడ్డం లేదు. ఇప్పుడు ఒక్క లెక్క చూడుర్రి. డీజేఐ ఎయిర్ 3 అనే మోడల్ లోకానికి తెలిసిందే 2023 జులైల. మినీ 4 ప్రో వచ్చింది 2023 సెప్టెంబర్‌ల. గేటు మూసినంక ఏడాదిన్నరకు పుట్టిన సరుకు మన దుకాణాలల్లకు ఎట్ల వచ్చింది? దొడ్డిదారినే వచ్చింది. కోఠిల అడిగినా, కరీంనగర్‌ల అడిగినా దుకాణపాయన గొంతు తగ్గించి "బిల్లు ఉండది తమ్మీ" అంటడంటే అర్థం అదే.

బిల్లు లేకుంటే ఏమైతదని తేలికగ తీసుకుంటరు. మొదటిది, కంపెనీ వారంటీ మీద ఆశ వదులుకోవాలె. రెండోది, దుకాణపాయన పాత సరుకు తుడిచి కొత్త డబ్బల పెట్టిచ్చినా వినియోగదారుల ఫోరం మెట్లెక్కనీకి నీ చేతుల ముక్క కాయితం ఉండది. మూడోది అసలైంది. పోలీసులు పట్టుకున్ననాడు "ఇది నాది, గీడ కొన్న" అని చెప్పుకోనీకి ఉండది. కొందరు "మా బావ అమెరికాల ఉన్నడు, దసరాకు వచ్చేటప్పుడు తెస్తడు" అంటరు. ఆ నిషేధం సూట్‌కేస్‌కు కూడా వర్తిస్తది. శంషాబాద్‌ల కస్టమ్స్‌వాళ్ల చేతికి చిక్కితే బావకు అవమానం, నీకు నష్టం.

ఈ బంద్ ఎందుకు పెట్టిండ్రంటే, మన దేశంల తయారీ పెరగాలెనని చెప్పిండ్రు. మాట మంచిదే. 2021ల డ్రోన్ల తయారీకి 120 కోట్ల ప్రోత్సాహకం కూడా ప్రకటించిండ్రు. కానీ తయారీ ఏ దిక్కు పెరిగింది? ఐడియాఫోర్జ్ లాంటి కంపెనీలు సైన్యానికి, సర్వేలకు చేస్తయి. ('త్రీ ఇడియట్స్' సినిమాల ఎగిరిన డ్రోన్ వీళ్లదే.) ఇంకొందరు పొలంల మందు కొట్టే డ్రోన్లు చేస్తరు, వాటికి సబ్సిడీలున్నయి. మహిళా సంఘాలకు ఇచ్చే డ్రోన్ దీదీ పథకంల 80 శాతం దాకా, అంటే ఎనిమిది లక్షల వరకు సర్కారే పెడ్తది. లగ్గాలు తీసి బతికేటోనికి మాత్రం ఏం లేదు. మంచి కెమెరా డ్రోన్ బయటినుంచి రానియ్యరు, లోపల చేయనీకి పైసలు పెట్టరు. నిషేధం భారం పడ్డది ఫ్యాక్టరీల మీద కాదు, బిల్లు లేకుంట లక్ష పెట్టి భయపడుకుంట ఎగరేసుకునేటోని మీద.

కాయితం తర్వాత చూడాల్సింది బరువు. 2021 ఆగస్టు 25న వచ్చిన డ్రోన్ రూల్స్‌ల 250 గ్రాముల దాకా ఉన్నది నానో. అది దాటితే రెండు కిలోల దాకా మైక్రో. వినడానికి తరాజు ముచ్చటే గానీ, నీ బతుకంతా ఆ గీత మీదనే ఉన్నది. నానో ఎగరేయనీకి పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు, థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ అక్కర్లేదు, డ్రోన్‌కు టైప్ సర్టిఫికెట్ అక్కర్లేదు. మైక్రో అయితే, సరదాకు ఎగరేసేటోనికి పైలట్ సర్టిఫికెట్ మాఫీ ఉన్నది గానీ, పైసలు తీసుకొని లగ్గం తీసేటోనికి లేదు. పదో తరగతి పాసై, 18 ఏండ్లు నిండి, డీజీసీఏ ఒప్పుకున్న బడిల ట్రైనింగ్ తీసుకోవాలె. బేగంపేటల తెలంగాణ స్టేట్ ఏవియేషన్ అకాడమీ అసొంటి కాడ ఆ ట్రైనింగ్ ఇస్తరు. సర్టిఫికెట్ పదేండ్లు నడుస్తది. అయితే సర్టిఫికెట్ నీకు వచ్చినా, 720 గ్రాముల ఎయిర్ 3కి టైప్ సర్టిఫికెట్ ఎవరిస్తరు? ఈడికొచ్చి ఆ బండి ఆగిపోతది. రూల్స్ తప్పితే లక్ష దాకా జుర్మానా ఉన్నది.

అందుకే 249 గ్రాములని డబ్బ మీద రాసిన మోడళ్లకు అంత గిరాకి. ఈడ కూడా ఒక మెలిక ఉన్నది. మినీ 3 ప్రో, మినీ 4 ప్రోలకు పెద్ద బ్యాటరీ ఒకటి విడిగ అమ్ముతరు. అది పెడితే ఎక్కువసేపు ఎగురుతది గానీ బరువు 250 దాటుతది. అంటే బ్యాటరీ మార్చంగనే నీ నానో మైక్రో అయింది. 2025ల వచ్చిన మినీ 5 ప్రో బరువు 249.9 గ్రాములని చెప్పి, నాలుగు గ్రాములు అటిటు కావొచ్చని కంపెనీయే రాసింది. కొనేటోడు కిరాణ దుకాణంల తూకం మీద పెట్టి చూసుకోవాలె. నేను నవ్వులాటకు చెప్తలేను.

నానో అయినంత మాత్రాన ఏడంటే ఆడ ఎగరేస్తమంటే కుదరది. రెడ్ జోన్ రెడ్ జోనే, కేంద్రం అనుమతి లేకుంట ఎంత చిన్నది లేపినా తప్పే. గ్రీన్ జోన్‌ల 400 అడుగుల దాకా పోవచ్చు. విమానాశ్రయం సరిహద్దు నుంచి 8 దాటి 12 కిలోమీటర్ల లోపట అయితే 200 అడుగులే. జోన్ల మ్యాప్ డిజిటల్ స్కైల ఉంటది, ఫంక్షన్ హాలు పేరు తెలువంగనే ముందుగాల అది చూడాలె. ఇది చిన్న కేసే కదా అనుకునేటోళ్లకు ఒక సంగతి యాది చేస్త. 2020 మార్చిల జన్వాడ కాడ ఫాంహౌస్ మీద డ్రోన్ ఎగరేసిండ్రన్న కేసుల అప్పటి ఎంపీ రేవంత్ రెడ్డిని పట్టుకపోయి చర్లపల్లి జైల్ల పెట్టిండ్రు. ఎంపీకే తప్పలేదు. ఆయనకు పెద్ద వకీళ్లున్నరు, పార్టీ ఉన్నది. స్టూడియో పిలగానికి ఎవరున్నరు?

ఇగ కంపెనీల ముచ్చటకొస్త. డీజేఐ చైనాల షెంజెన్‌ల 2006ల పుట్టింది. పనితనంల దానికి సాటి ఈ ధరల ఇంకోటి లేదు. ఈ మాట ఒప్పుకోనీకి దేశభక్తి అడ్డం రావద్దు. గాలిల నిలకడ, రంగులు, సిగ్నల్, యాప్ అన్నీ ఒకదానికొకటి కుదిరి ఉంటయి. ఆటెల్ కూడా షెంజెన్‌దే. దాని ఈవో లైట్ ప్లస్‌ల ఒక ఇంచు సెన్సర్ ఉండె, బొమ్మ బాగనే ఉంటది, కానీ బరువు 835 గ్రాములు. పొటెన్సిక్ ఆటమ్ తేలికది, ధర తక్కువ, గింబల్ ఉన్నది. పగటి పూట పనికి సరిపోతది.

కంపెనీ ఎంత గొప్పదన్నది కాదు, రేపు ఉంటదా ఉండదా అన్నది కూడా చూడాలె. గోప్రో 2016ల కర్మ అనే డ్రోన్ తెచ్చింది. గాలిల ఉండంగనే కరెంటు పోయి పడిపోతున్నయని ఆ ఏడాదే వాపసు పిలిచి, 2018ల డ్రోన్ల దుకాణమే ఎత్తేసింది. అమెరికా స్కైడియో 2023ల మామూలు జనాలకు అమ్ముడు బంద్ చేసి కంపెనీలకు, సైన్యానికి మళ్లుకున్నది. ఫ్రాన్స్ పారట్ కూడా అంతకుముందే ఆ తొవ్వ పట్టింది. కంపెనీ పోయినంక నీ చేతుల ఉన్నది ఎగిరినన్ని రోజులే. ఒక రెక్క విరిగినా, బ్యాటరీ ఉబ్బినా అది గూట్ల బొమ్మే.

మన దేశం పేరుతోని అమ్మే నానోలకు బిల్లు వస్తది, పేరుకు వారంటీ ఉంటది. అది తక్కువ లాభం కాదు. చెన్నై గరుడ కంపెనీ 2022ల ధోనీతోని 'ద్రోణి' అనే కెమెరా డ్రోన్ చూపెట్టింది, ఆ తర్వాత వేరేవాళ్లు కూడా దిగిండ్రు. వీళ్ల దగ్గర కొనేటప్పుడు మూడు ప్రశ్నలు అడుగుర్రి. బ్యాటరీ విడిగ ఎంత, ఎన్ని రోజులల్ల వస్తది? రిపేరుకు యాడికి పంపాలె? రాత్రిపూట తీసిన ఒరిజినల్ ఫైల్, ఎడిటింగ్ చేయనిది, ఇస్తరా? మూడో ప్రశ్నకు నీళ్లు నమిలితే ఇంటికి రావాలె.

ఎందుకంటే మన పనంతా రాత్రిదే. బారాత్ రాత్రి, రిసెప్షన్ రాత్రి. సెన్సర్ అంటే వెలుగు పట్టే గిన్నె అనుకోర్రి. గిన్నె ఎంత పెద్దగుంటే చీకట్ల అంత ఎక్కువ వెలుగు పడ్తది. మినీ 4కె అనే చవక మోడల్‌ల 1/2.3 ఇంచుల సెన్సర్, మినీ 4 ప్రోల 1/1.3, మినీ 5 ప్రోల ఒక ఇంచు. మూడు 4కెనే అంటయి. పగలు పొలంల తీస్తే ఫోన్ల తేడా తెలువది. రాత్రి తీస్తే చిన్న సెన్సర్ బొమ్మల ఇసుక పోసినట్టు గుక్కలు లేస్తయి, పెండ్లి పిల్ల చీర రంగే మారిపోతది. ఆన్‌లైన్‌ల నాలుగైదు వేలకు "8కె డ్రోన్" అని వస్తయి సూడుర్రి, అవి పిల్లలాడుకునేటియి. జీపీఎస్ ఉండది, గింబల్ ఉండది, 8కె అన్నది డబ్బ మీదనే ఉంటది. గింబల్ అంటే కెమెరాను మూడు దిక్కుల ఊగకుంట పట్టుకునే మోటర్లు. అది లేకుంట సాఫ్ట్‌వేర్‌తోని ఊపు తగ్గిస్తమనేటోళ్ల మాట నమ్మొద్దు, బొమ్మ అంచులు కోసి ఇస్తరు.

బ్యాటరీ మీద 34 నిమిషాలని రాస్తరు. గాలి లేని కాడ, ఒకే తీరు పోనిస్తే వచ్చే లెక్క అది. మన ఎండలకు, గాలికి, దింపేటందుకు మిగుల్చుకునేది తీసేస్తే ఇరవై, ఇరవై రెండు అనుకొని పని పెట్టుకోవాలె. మూడు బ్యాటరీలు లేకుంట లగ్గానికి పోవద్దు. ఎండకాలం వాటిని నిండా చార్జి చేసి కార్ల వదిలితే ఉబ్బుతయి, పనిలేని రోజులల్ల సగం చార్జి మీద చల్లటి తావుల పెట్టాలె.

పైసల లెక్క కూడా వేసుకోవాలె. డ్రోన్ ఉన్నందుకు లగ్గానికి నాలుగు వేలు ఎక్కువొస్తయనుకుంటే, లక్ష తీరనీకి 25 లగ్గాలు కావాలె, మిత్తి వేరే. ఆషాఢం పోను, మూఢం పోను, ఏడాదికి నీకెన్ని లగ్గాలు వస్తయో నీకే ఎరుక. ఏడెనిమిది కంటే ఎక్కువ రాకుంటే కిరాయి ఆపరేటర్‌ను పిలుచుకునుడే మేలు. లేకుంటే మండలంల నలుగురు కలిసి ఒకటి కొని, తారీఖులు పంచుకోవచ్చు. ముహూర్తం నాడు నలుగురికీ ఒకేసారి కావాలె కదా అంటరు. నిజమే, ఆ కొట్లాట ముందే కాయితం మీద తెంపుకోవాలె.

సెకండ్ హ్యాండ్ కొనేటోళ్లు, 2022కు ముందటి బిల్లున్న పాత మోడల్ దొరికితే దాన్నే చూడుర్రి. కొత్త మోడళ్లు పాత ఓనర్ అకౌంట్‌కు కట్టేసి ఉంటయి. ఆయన ఫోన్ల నుంచి నీ ముంగటనే తీపియ్యాలె. యాప్‌ల బ్యాటరీ ఎన్నిసార్లు చార్జి అయిందో చూడాలె. డీజేఐ యాప్ ఆండ్రాయిడ్ ప్లే స్టోర్‌ల దొరకది, కంపెనీ సైట్ల నుంచే వేసుకోవాలె, వాట్సాప్‌ల ఎవరో పంపిన ఫైల్ ఎక్కించుకోవద్దు. తర్వాత బయట మైదానంల ఆరడుగుల ఎత్తుకు లేపి చేతులు తీసేయాలె. ఒక్క నిమిషం కదలకుంట నిలవడాలె. పక్కకు జారుతున్నా, కెమెరా ఒక దిక్కు వంగినా అది ఎప్పుడో చెట్టుకో గోడకో తాకి రిపేరైనట్టు. పైసలు జేబుల నుంచి తీసేది ఇవన్నీ చూసినంకనే.